17 చలాన్లు, ఒక ఫ్లైఓవర్: ఒక డ్రైవింగ్ ట్రైనర్ కేసు నోట్సు

నేను డ్రైవింగ్ నేర్పుతాను, కానీ కొత్తవాళ్లకు కాదు. లైసెన్సు వచ్చి ఏళ్లు గడిచి, బండి నడపడం నడకంత అలవాటైపోయాక ఎక్కడో తేడా కొట్టినవాళ్లు నా దగ్గరికి వస్తారు. కొందరు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఎక్కువమందిని ఆఫీసువాళ్లు పంపిస్తారు. అలా పంపించిన ఒకావిడ కేసు ఇది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను, ఊరి పేరు చెప్పడం లేదు. పెద్ద నగరం, రోడ్ల మీద బోలెడన్ని కెమెరాలు, అంతవరకు చాలు.

ఇది విజయగాథ అనుకుని చదవకండి. మొదటి రెండు నెలలు నేను చేసినవాటిలో సగం పనికిరాలేదు, సగం పరిస్థితిని ఇంకా చెడగొట్టాయి. రాయడానికి అసలు కారణం కూడా అదే.

ఆమె ఎవరు

నలభై దాటిన నర్సు. ఆసుపత్రిలో కాదు, రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం, ట్యూబులు చూడడం ఆమె పని. రోజుకు ఆరేడు ఇళ్లు. సొంత కారు, పెట్రోలు ఖర్చు ఆఫీసుది. 18 ఏళ్లుగా నడుపుతోంది, ఒక్క యాక్సిడెంట్ లేదు. ఫోన్ పట్టుకుని నడపదు, సీటు బెల్టు మర్చిపోదు. పక్క సీట్లో కూర్చున్న మొదటి పది నిమిషాల్లోనే నాకర్థమైంది, ఈవిడ మంచి డ్రైవరు. అద్దాలు చూసుకోవడం, ముందు బండికి దూరం పాటించడం, అన్నీ పద్ధతిగా ఉన్నాయి.

అలాంటి మనిషికి 7 నెలల్లో 14 స్పీడ్ చలాన్లు.

కారు భర్త పేరు మీద ఉంది. అందుకని నోటీసులన్నీ ఆయన పేరుతోనే వస్తాయి. ఆయన అరిచే మనిషి కాదట. కవరు చింపి, చదివి, పెన్ను తీసి కవరు మూల మీద అంకె వేసి ఫ్రిజ్ మీద పెడతాడట. 9. 10. 11. అంకె చుట్టూ ఒక సున్నా. "తిట్టినా బాగుండేది సార్, ఆ సున్నా చుట్టడం చూస్తేనే ఒళ్లు మండిపోతుంది" అంది మొదటి రోజే. గోరుచుట్టుపై రోకటిపోటులా అప్పుడే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: ట్రైనింగ్ తీసుకో, లేకపోతే బయట విజిట్లు ఆపేస్తాం అని.

ఏం చెప్పుకుని వచ్చింది

సమస్య స్పీడ్ అని ఆమె అనలేదు. కెమెరాలే సమస్య అంది. గట్టిగా, వరసగా చెప్పింది. కెమెరాలు పెట్టింది డబ్బు గుంజడానికే. మిషన్ చూపించే వేగం తప్పు. మనిషైతే కారణం వింటాడు, మిషన్ వినదు. రోగికి ఇన్సులిన్ టైమ్ దాటిపోతోందని కెమెరాకి ఏం తెలుసు? తాగి నడిపేవాడికి ఏమీ కాదు, నాలాంటి వాళ్లకే కవర్లు. పైగా అన్నింటికీ అప్పీలు పెట్టింది, అన్నీ తిరస్కరించారు.

ఆ అప్పీళ్లు చూపించమన్నాను. 14 నోటీసులకూ ఒకటే ఉత్తరం, తేదీ మాత్రం మార్చింది. నేను నర్సుని, అత్యవసర పని మీద వెళ్తున్నాను, ఇది అన్యాయం. ఒక్క నోటీసులోనూ ఫోటో తెరిచి చూడలేదు. ఈ చివరి మాట నేను ఆ రోజు రాసుకున్నాను గానీ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే రెండు నెలలు మిగిలేవి.

మొదటి ప్రయత్నం: లెక్కలతో ఒప్పించబోయాను

నా ఆలోచన ఇలా సాగింది. ఈవిడ చదువుకున్న మనిషి, రోజూ మందుల డోసు లెక్కలు వేసే మనిషి, అంకెలు చూపిస్తే ఒప్పుకుంటుంది. ముందు మిషన్ మీద అనుమానం తీరుద్దాం, తర్వాత స్పీడ్ ఎందుకు ప్రమాదమో చెబుదాం అనుకున్నాను.

అనుమానం తీర్చడం తేలికే. చదునుగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద ఆమె కారు నడిపిస్తూ జీపీఎస్ పెట్టాను. స్పీడోమీటరు 54 చూపిస్తుంటే జీపీఎస్‌లో 50. ఇది ఆమె కారు ఒక్కదాని లక్షణం కాదు. వాహనాల మీద ఐక్యరాజ్యసమితి నిబంధనల్లో 39వది స్పీడోమీటర్ల గురించి. అసలు వేగం కంటే మీటరు తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించొచ్చు, అది కూడా పది శాతానికి 4 కిలోమీటర్లు కలిపినంత వరకే. అంటే మీటరులో 50 దగ్గర ముల్లు ఉంటే మనం 50 లోపే ఉన్నామన్నమాట, పెద్ద సైజు టైర్లు వేసుకుంటే తప్ప. ఆమెవి కంపెనీ ఇచ్చిన సైజువే.

కెమెరా ఎలా పనిచేస్తుందో కూడా చెప్పాను. రోడ్డు కింద తీగల చుట్టలుంటే ఒకదాని నుంచి రెండోదానికి బండి ఎంతసేపట్లో వెళ్లిందో లెక్కేస్తాయి. రాడారైతే బండికి తగిలి వెనక్కి వచ్చే తరంగం ఎంత మారిందో చూస్తుంది. కొన్నిచోట్ల రోడ్డు మీద తెల్లగీతలు గీసి అర సెకను తేడాతో రెండు ఫోటోలు తీస్తారు. 60 మీద వెళ్లే బండి అర సెకనులో దాదాపు 8.3 మీటర్లు వెళ్తుంది కాబట్టి గీతలు లెక్కపెట్టి రాడారు చెప్పింది నిజమో కాదో మనిషే చూసుకోవచ్చు.

ఆ తర్వాత నాకిష్టమైన లెక్క తీశాను. పొడి రోడ్డు, డ్రైవరు తేరుకోవడానికి ఒక సెకను, బ్రేకు గట్టిగా. 50 మీద ఉన్న కారు ఆగడానికి సుమారు 28 మీటర్లు పడుతుంది. అదే చోట, అదే క్షణంలో పిల్లవాడు అడ్డొచ్చి పక్కనే 60 మీద ఇంకో కారు ఉంటే, మొదటి కారు ఆగిపోయిన చోట ఆ రెండో కారు ఇంకా 40 మీద ఉంటుంది. పది ఎక్కువైతే పదితోనే గుద్దుతాం అనుకుంటారు అందరూ. కాదు, 40తో గుద్దుతాం. ఈ మాట చెప్పినప్పుడు చాలామంది ముఖం మారుతుంది.

ఈవిడ ముఖం మారలేదు. "ఆ 40తో గుద్దించుకున్నవాళ్లకి కట్లు కట్టేది నేనే సార్" అంది.

అక్కడితో ఆగాల్సింది. నేను ఇంకో పావుగంట మాట్లాడాను. ఆమె వాచీ చూసుకుంటూ తలూపింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తప్పు తెలిసిపోతోంది. తెలియని మనిషికి చెప్పాల్సింది తెలిసిన మనిషికి చెప్పాను. స్పీడ్ ప్రమాదమని ఆమెకి నాకంటే బాగా తెలుసు. తాను స్పీడ్‌గా వెళ్తున్నానని మాత్రం తెలియదు. ఈ రెండూ వేరని నాకు అప్పుడు తట్టలేదు. పైగా మీటరు టెస్టుతో ఆమె వాదనల్లో ఒకదాన్ని కొట్టిపారేశాను కదా, దాంతో నేను కూడా కెమెరా పార్టీ అయిపోయాను.

రెండో ప్రయత్నం: ఫోన్‌లో యాప్

మాటలతో కాలేదు కాబట్టి పరికరంతో చేద్దామనుకున్నాను. మ్యాప్‌లో కెమెరా దగ్గరికి రాగానే మోగే యాప్ ఒకటి పెట్టించాను. కొన్నిచోట్ల ఇలాంటివి చట్టవిరుద్ధం, అక్కడ అనుమతి ఉంది. నా లెక్క ఏంటంటే ముందు చలాన్లు ఆగాలి, ఉద్యోగం నిలవాలి, అలవాటు తర్వాత మారుద్దాం. ఇల్లు కాలుతుంటే ముందు నీళ్లే కదా.

5 వారాల్లో ఇంకో 3 చలాన్లు వచ్చాయి.

ఒకటి, రోడ్డు పక్కన స్టాండు మీద పెట్టిన కెమెరా. యాప్‌కి దాని సంగతే తెలియదు. మిగతా రెండూ సొరంగం దారిలో. అక్కడుండేది సగటు వేగం కెమెరా. లోపలికి వెళ్లేటప్పుడు ఒక కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది, బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి చదువుతుంది, మధ్య దూరాన్ని పట్టిన టైమ్‌తో భాగిస్తుంది. కెమెరా కనపడగానే బ్రేకు తొక్కితే అక్కడ లాభం లేదు. ఆమె మాత్రం అదే చేసింది, మొదటి కెమెరా దగ్గర తగ్గించి లోపల లాగించేసి చివర మళ్లీ తగ్గించింది. కంగారూ డ్రైవింగ్ అంటారు మా వాళ్లు దీన్ని, తగ్గడం, గెంతడం, మళ్లీ తగ్గడం.

చలాన్ల కంటే నాకు భయమేసింది వేరే చోట. ఒకరోజు పక్కన కూర్చున్నాను. యాప్ మోగగానే ఆమె కుడికాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. లిమిట్ లోపలే ఉంది, అయినా తొక్కింది. వెనక వ్యాను హారన్ కొట్టి పక్కకి తప్పుకుంది. నేను నేర్పింది స్పీడ్ తగ్గించడం కాదు, మోతకి ఉలిక్కిపడడం. ఆ రోజే యాప్ తీయించేశాను. ఆఫీసుకి ఫోన్ చేసి, ఈ మూడింటిలో నా తప్పు కూడా ఉంది, ఇంకో రెండు నెలలు ఇవ్వండి అని అడిగాను. ఇలాంటి ఫోన్లు చేయడం ఎవరికీ సరదా కాదు.

కవర్లన్నీ బల్ల మీద

మూడో నెలలో ఆమెని అన్ని కవర్లూ పట్టుకు రమ్మన్నాను. 17. మూలల్లో భర్త వేసిన అంకెలు. పెద్ద కాగితం పరిచి గడులు గీసి ఒక్కో నోటీసుకీ రాయించాను: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, లిమిట్ ఎంత, నమోదైన వేగం ఎంత, అంతకుముందు ఎవరింటి నుంచి బయల్దేరింది, ఎవరింటికి వెళ్తోంది, అక్కడ ఎన్నింటికి ఉండాలి. చివరి గడి: ఈ కవరు ఇంటికి ఏ రోజు వచ్చింది.

ఎందుకిలా చేశానంటే, అప్పటిదాకా మేమిద్దరం 'చలాన్లు' అనే ముద్ద గురించి మాట్లాడుకున్నాం. ఆమెకది ఒక అన్యాయం, నాకది ఒక అలవాటు. 17 విడివిడి మధ్యాహ్నాల్లో ఏం జరిగిందో ఇద్దరికీ తెలియదు.

ఫోటోలు తెరుస్తుంటే ఆరో నోటీసు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. "ఇది నా కారు కాదు."

నిజంగానే కాదు. అదే కంపెనీ, అదే తెల్లరంగు, కానీ పైన సామాన్లు కట్టే కడ్డీలున్నాయి, ఆమె కారుకి లేవు. నంబరు ప్లేటు పెద్దది చేసి చూశాం. ఒక అంకె 3. దాని పక్కనే ప్లేటు బిగించిన స్క్రూ, చుట్టూ మురికి, దూరం నుంచి చూస్తే 3 కాస్తా 8లా కనపడుతోంది. ప్లేటు చదివే సాఫ్ట్‌వేర్ 8 అని చదివింది, 8 అంటే ఈవిడ నంబరు. అప్పీలు పెట్టింది కదా మరి? పెట్టింది, కానీ అందులో రాసింది 'నేను నర్సుని' అని, 'ఇది నా కారు కాదు' అని కాదు. నేను కుర్చీలోంచి లేచి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. మొదటి రోజు ఆమె మిషన్ తప్పు చేస్తుంది అన్నప్పుడు నేను మీటరు టెస్టు చేసి నోరు మూయించాను. మిషన్ వేగం విషయంలో తప్పు చేయలేదు, మనిషి విషయంలో చేసింది.

మిగిలినవి 16. సొరంగంలో 3. అక్కడక్కడా చెదురుమదురుగా 4. తక్కిన 9 ఒకటే చోట: ఒక ఫ్లైఓవర్ దిగే వాలు కింద. పైన 4 కిలోమీటర్లు 80 లిమిట్, దిగగానే 50.

ఇప్పుడు చివరి గడి. ఆ వాలు కింద కెమెరా, అక్కడ మొదటి చలాన్ పడిన నెలలోనే కొత్తగా పెట్టారు. మొదటి చలాన్ పడిన రోజుకీ ఆ కవరు ఇంటికి చేరిన రోజుకీ మధ్య 19 రోజులు. ఆ 19 రోజుల్లో ఆమె అదే వాలు దిగుతూ ఇంకో నాలుగుసార్లు చిక్కింది. అంటే 9లో 5, తాను తప్పు చేస్తున్నానని చెప్పేవాళ్లు ఎవరూ లేనప్పుడు పడ్డవి. వారం వారం ఒక్కో కవరు వస్తుంటే, పాత తప్పుకే మళ్లీ మళ్లీ కొడుతున్నారని ఆమెకి అనిపించడంలో వింతేముంది? శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, ఎంత తొందరగా, ఎంత కచ్చితంగా పడుతుందన్నదే మనిషిని ఆపుతుందని ఇటలీలో బెకారియా అనే తత్వవేత్త 1764లోనే రాశాడు. ఈ కెమెరాల్లో కచ్చితత్వానికి కొదవలేదు, తొందర మాత్రం లేదు. కుక్కపిల్ల చెప్పు కొరికిన 19 రోజులకి దాన్ని గదిమితే దానికేం అర్థమవుతుంది?

మిగతా 4? అవి కవర్లు రావడం మొదలయ్యాక, ఆరు నెలల్లో అప్పుడొకటి అప్పుడొకటి. కెమెరా ఉందని తెలిసీ పడ్డవి. ఇక్కడ కూడా కాగితమే చెప్పింది. నాలుగూ మధ్యాహ్నం ఒకే ట్రిప్పులో, మూడో ఇంటి నుంచి నాలుగో ఇంటికి వెళ్తున్నప్పుడు. మొదటి 5లో కూడా 3 ఆ ట్రిప్పువే. షెడ్యూలులో ఆ ప్రయాణానికి 20 నిమిషాలు రాసి ఉంది. మేము మూడు రోజులు లెక్కపెట్టాం, లిమిట్లు పాటిస్తూ: 27, 29, 26.

ఆమె ఆ కాగితం వంక చాలాసేపు చూసింది. "నేను ప్రతి చోటా స్పీడ్ అనుకున్నాను సార్, లేకపోతే ఎక్కడా కాదనుకున్నాను" అంది.

అట్టముక్క

కాగితం 'ఎక్కడ' చెప్పింది, 'ఎప్పుడు' చెప్పింది. 'ఎందుకు' ఇంకా తేలలేదు. ఆలస్యమైన రోజు ఆమె ఊరంతా ఆలస్యంగానే తిరుగుతుంది కదా, ఆ వాలు దగ్గరే ఎందుకు చిక్కుతోంది? నాకొక అనుమానం ఉంది, కానీ ఈసారి ఉపన్యాసం ఇవ్వదలచుకోలేదు.

ఆదివారం తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, నా ట్రైనింగ్ కారులో, నా వైపు కూడా బ్రేకు ఉండే కారులో వెళ్లాం. స్పీడోమీటరు మీద అట్టముక్క అతికించాను. జీపీఎస్ నా ఒళ్లో, నాకొక్కడికే కనపడేలా. ఫ్లైఓవర్ మీద 80 దగ్గర ఉంచమని నేను నోటితో చెబుతూ వచ్చాను, "కొంచెం పెంచండి, అంతే, ఉంచండి" అంటూ. వాలు మొదలవగానే చెప్పాను: "ఇప్పుడు 50కి తీసుకురండి, 50 అనిపించగానే చెప్పండి."

ఆమె యాక్సిలరేటరు వదిలింది, బ్రేకు తాకించింది. బండి నెమ్మదించింది. "యాభై" అంది నమ్మకంగా. "ఇంకా తక్కువేనేమో."

నా ఒళ్లో 66.

వెంటనే నా వైపు బ్రేకు కొద్దిగా నొక్కాను, ఏమీ అనలేదు. తిరిగి వచ్చి మళ్లీ ఎక్కాం. 63. మూడోసారి, ఇప్పటికే అనుమానం వచ్చి జాగ్రత్తగా తగ్గించింది, అయినా 67. తర్వాత అదే రోడ్డుకి కిందినుంచి, సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరి వచ్చాం. "యాభై" అన్నప్పుడు 51, రెండోసారి 53.

కారు పక్కన ఆపించి అట్ట తీసేసి, రాసుకున్న అంకెలు చూపించాను. ఒకటే మనిషి, ఒకటే రోడ్డు, ఒకటే 'యాభై'. పై నుంచి దిగితే 65 చుట్టుపక్కల, కింది నుంచి వస్తే 50 చుట్టుపక్కల.

కాసేపు ఎక్కువ వేగంలో ఉంటే కంటికి ఆ వేగం మామూలైపోతుంది, అప్పుడు తగ్గిస్తే తగ్గినదానికంటే ఎక్కువ తగ్గినట్టు అనిపిస్తుంది. ఇది ఆమె నిర్లక్ష్యం కాదు, అందరి కళ్లూ చేసే మోసమే. రోడ్ల ఇంజినీర్లకి ఎప్పటినుంచో తెలిసిన సంగతి. 1970ల్లో స్కాట్లాండ్‌లో న్యూబ్రిడ్జ్ అనే చోట హైవే వచ్చి రౌండబౌట్‌లో కలిసే దగ్గర రోడ్డుకి అడ్డంగా పసుపుగీతలు వేశారు, దగ్గరయ్యే కొద్దీ గీతల మధ్య దూరం తగ్గుతూ వచ్చేలా. డ్రైవరుకి తన వేగం పెరుగుతున్నట్టు భ్రమ కలిగి కాలు దానంతటదే తగ్గిస్తుంది. కంటి మోసానికి కంటి మోసంతోనే విరుగుడు. మన వాలు కింద అలాంటివేమీ లేవు. పైగా పల్లం, యాక్సిలరేటరు వదిలేసినా బండి తనంతట తాను తగ్గదు.

ఆమె స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "అయితే నేను అబద్ధం చెప్పలేదన్నమాట?" అన్ని నోటీసులకీ భర్తతో 'నేను యాభై మీదే ఉన్నాను' అని వాదించిందట. ఆయన నమ్మలేదు. ఆమెకి నిజంగానే యాభైలా ఉంది.

నా లెక్కల ఉపన్యాసం చేయని పని ఈ అట్టముక్క చేసింది.

తర్వాత ఏం మార్చాం

మార్చినవి చిన్నవే. పెద్దపెద్ద తీర్మానాలు నేను చేయించను, మూడో వారానికి మర్చిపోతారు.

మొదటిది, ఆ వాలు దగ్గర ఒంటికి అనిపించే వేగాన్ని నమ్మకూడదు. వాలు మొదలవడానికి ముందు ఒక పెద్ద దీపస్తంభం ఉంది. అది దాటేటప్పుడు మూడో గేరులోకి దిగి, మీటరు చూసి, 'యాభై' అని పైకి అనాలి. పైకి అనడం ఎందుకంటే ఆలస్యమైన రోజు కళ్లు గడియారం మీద ఉంటాయి, మనసులో అనుకున్నది మనసులోనే పోతుంది. గేరు ఎందుకంటే మూడో గేరులో ఇంజను చప్పుడు వేగాన్ని చెబుతుంది, మోసపోయిన కంటికి చెవి సాయం. నాలుగు ఆదివారాలు చేశాం. మొదట్లో నవ్వొచ్చేది ఆమెకి, 'యాభై' అని గాలికి చెప్పడం.

రెండోది, షెడ్యూలు. ఇది ఆమె ఒక్కత్తి వల్ల అయ్యే పని కాదు. 20 నిమిషాల ట్రిప్పుకి 27 పడుతోందని ఆమె ఇంతకుముందు చెప్పిందట, కోఆర్డినేటరు 'మిగతావాళ్లకి సరిపోతోంది కదా' అన్నాడట. ఈసారి ఆ పెద్ద కాగితం మడతపెట్టి పట్టుకెళ్లింది. నేను వెళ్లలేదు, కావాలనే. నేను వెళ్తే అది ట్రైనరు సిఫార్సు అవుతుంది, ఆమె వెళ్తే ఆమె కేసు అవుతుంది. రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి నాలుగో ఇంటినీ అయిదో ఇంటినీ అటుదిటు మార్చారు, పది నిమిషాలు కలిసొచ్చింది. ఇంతకీ ఆ వాలు కింద 2 కిలోమీటర్లు 65 మీద వెళ్తే ఆమెకి మిగిలేది ఎంతో తెలుసా? 33 సెకన్లు. ఈ అంకె మొదటి రోజే చెప్పి ఉంటే 'లెక్కలు' అనేది. షెడ్యూలు మారాక చెబితే నవ్వింది.

మూడోది, అప్పీలు ఒకే ఒక్కదానికి. తనది కాని కారుకి. నర్సు ఊసు లేదు, అన్యాయం ఊసు లేదు. రెండు ఫోటోలు, కడ్డీల చుట్టూ గుర్తు, స్క్రూ చుట్టూ గుర్తు, అయిదు వాక్యాలు. మూడు వారాల్లో రద్దయింది. మిగతా 16 కట్టేసింది. ఇందులో డబ్బు కంటే ముఖ్యమైనది ఇంకోటుంది: ఒక్కచోట మీరు కరెక్టేనని అవతలివాళ్లు ఒప్పుకున్నాక మిగతా చోట్ల తాను తప్పని ఒప్పుకోవడానికి ఆమెకి కష్టం కాలేదు. నేను ముందే చూసి ఉండాల్సిన వరస ఇది. పసలేని ఫిర్యాదుల మధ్య పసున్నది ఒకటి ఉందేమో ముందు వెతకాలి. నేను పసలేనిదాన్ని ముందు పట్టుకుని కొట్టాను.

డబ్బు గుంజడానికే పెట్టారు అన్న మాట మీద నేను ఇప్పటికీ వాదించను. ఆ వాలు కింద స్పీడ్ బోర్డు నేను వెళ్లి చూశాను. ఎడమ లేనులో వస్తే కనపడుతుంది, మధ్య లేనులో పక్కన లారీ ఉంటే కనపడదు. ఇంజినీర్లు లిమిట్ పెట్టేటప్పుడు నూటికి 85 మంది ఏ వేగం లోపు వెళ్తున్నారో కొలుస్తారు. ఆ వేగానికీ బోర్డుకీ చాలా తేడా ఉంటే రోడ్డే డ్రైవరుకి ఇంకోటేదో చెబుతున్నట్టు. కింద మనుషులు రోడ్డు దాటే చోటు ఉంది, 50 లిమిట్ న్యాయమే. కానీ 50 కావాలంటే వాలు మీదే గీతలో, ముందుగానే ఇంకో బోర్డో పెట్టాలి, ఒట్టి కెమెరా చాలదు. ఇద్దరం సంతకం పెట్టి ఉత్తరం రాశాం. జవాబు రాలేదు. బోర్డు అక్కడే ఉంది, లారీలూ అలాగే వెళ్తున్నాయి.

ఇంకో విషయం చెప్పాలి. ఒక ఆదివారం ప్రాక్టీసు అయ్యాక ఆమెకి గాట్సో కథ చెప్పాను. స్పీడ్ కెమెరాలకి మూలపురుషుల్లో ఒకడు మారిస్ గాట్సోనిడెస్ అని నెదర్లాండ్స్ మనిషి, 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన రేసు డ్రైవరు. మలుపుల్లో తన వేగం కొలుచుకుని ఇంకా స్పీడ్‌గా ఎలా వెళ్లాలా అని ఆ పరికరం తయారుచేసుకున్నాడు, తర్వాత 1958లో దాంతోనే కంపెనీ పెట్టాడు. ఆమె పడీపడీ నవ్వింది. "ఆయనకీ నాలాగే కంటి మీద నమ్మకం లేదన్నమాట" అంది. నేను ఆ కథని అలా ఎప్పుడూ చూడలేదు.

ఇప్పటి పరిస్థితి

ట్రైనింగ్ అయిపోయి 8 నెలలైంది. సొరంగంలో ఒక్కటీ లేదు. అక్కడ కారులో ఉన్న స్పీడ్ లిమిటర్ బటన్ వాడుతోంది, అది ఉందని కూడా ఆమెకి ఇంతకుముందు తెలియదట. వాలు దగ్గర అయిదు నెలలు ఏమీ లేదు.

ఆరో నెలలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. "సార్, ఇవాళ ఒకటి పడి ఉంటుంది. స్తంభం దగ్గర మర్చిపోయాను, పేషెంటు కూతురు ఫోన్ మోగుతోంది, బ్లూటూత్‌లో మాట్లాడుతున్నాను. కెమెరా కింద మీటరు చూసేసరికి 61." మీటరు 61 అంటే అసలు వేగం 57 ఉండొచ్చని చెప్పాను. ఇంక ఆ ట్రిప్పులో ఫోన్ ఎత్తనంది. నేను చెప్పకముందే అంది.

16 రోజుల తర్వాత కవరు వచ్చింది. నమోదైన వేగం 57. భర్త చింపకముందే ఏ రోజుదో, ఎక్కడిదో చెప్పేసిందట. ఆయన పెన్ను కోసం చూస్తుంటే కవరు తీసుకుని, మూల మీద 18 అని తనే వేసి, చుట్టూ సున్నా కూడా చుట్టిందట.